చుట్టూ ఫ్రాన్స్, నడుమ స్పెయిన్: లివియా ఎందుకలా మిగిలింది?

పిరెనీస్ పర్వతాల తూర్పు భాగంలో, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన ఉన్న చిన్న ఊరు లివియా. విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్ల లోపు. జనాభా 1,500కు అటూ ఇటూ. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం, జిరోనా ప్రావిన్సు కిందికి వస్తుంది. ఊరి పంచాయతీ, పోలీసులు, పన్నులు, బడులు అన్నీ స్పెయిన్‌వే. కానీ ఊరి పొలిమేర ఏ దిక్కున దాటినా అడుగు పడేది ఫ్రాన్స్‌లోనే. మిగతా స్పెయిన్‌కూ ఈ ఊరికీ మధ్య సుమారు 1.6 కిలోమీటర్ల ఫ్రెంచి నేల ఉంది.

యానాం తెలిసిన తెలుగువాళ్లకు ఈ అమరిక మరీ వింతగా అనిపించదు. అక్కడా చుట్టూ ఆంధ్రప్రదేశ్, నడుమ పుదుచ్చేరి. 1954 దాకా అయితే అది ఫ్రెంచివాళ్ల పాలనలోనే ఉంది. ఇప్పుడు యానాం ఒకే దేశంలోని రెండు పాలనా విభాగాల సంగతి. లివియా మాత్రం మూడున్నర శతాబ్దాలుగా రెండు వేరువేరు దేశాల మధ్య వ్యవహారంగానే నడుస్తోంది.

లివియా గురించి ఎవరిని అడిగినా ఒకే కథ చెబుతారు. 1660లో స్పెయిన్ 33 గ్రామాలను ఫ్రాన్స్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. లివియాకు గ్రామం కాదు, పట్టణమన్న రాజపత్రం ఉంది. కాబట్టి ఒప్పందంలోని ‘గ్రామాలు’ అన్న మాట దానికి వర్తించదని స్పెయిన్ వాదించి నిలబెట్టుకుంది. ఈ కథ నిజమే. అయితే ఇంత చెప్పి ఆపేస్తే అసలు చిక్కు అలాగే ఉండిపోతుంది. రెండు పెద్ద రాజ్యాలు సరిహద్దు గీసుకుంటూ ఊళ్లు లెక్కపెట్టుకోవడం ఏమిటి? కొండలకు దక్షిణాన, స్పెయిన్ వైపు వాలులో ఉన్న నేల ఫ్రాన్స్‌కు ఎందుకు కావలసి వచ్చింది? కోట లేదు, సైన్యం లేదు, చుట్టూ పరాయి దేశం. అలాంటి ఊరు ఇన్నాళ్లు ఎలా నిలిచింది? ఈ మూడింటికీ జవాబు దొరకాలంటే ముందు నేల సంగతి తెలియాలి.

ఈ ప్రాంతం పేరు సెర్దాన్యా. పిరెనీస్ అనగానే మనసులో మెదిలే ఇరుకు లోయ కాదిది. తూర్పు పడమరలుగా పరుచుకున్న విశాలమైన మైదానం, ఒకప్పటి సరస్సు అడుగు. ఉత్తరాన 2,921 మీటర్ల కార్లిట్ శిఖరం, దక్షిణాన 2,910 మీటర్ల పుయిగ్‌మల్. రెండింటి నడుమ పొలాలు, పచ్చిక బీళ్లు, ఒకదాని గడప నుంచి ఇంకోటి కనిపించేంత దగ్గర దగ్గరగా ఊళ్లు. ఎండ బాగా పడుతుంది. పక్కనే ఫ్రెంచి వైపు ఓదేయోలో అద్దాలతో ఎండను ఒకచోటికి కూడగట్టే పెద్ద సౌరకొలిమి కట్టారంటే అందుకే.

నీళ్లు ఎటు పారతాయో చూస్తే ఈ లోయ ఎవరిదో తేలిపోవాలి. సెగ్రె నది ఫ్రాన్స్‌లో పుట్టి, సయాగూస్ మీదుగా లివియాలోకి వచ్చి, మళ్లీ ఫ్రాన్స్‌లోకి వెళ్లి, స్పెయిన్ పట్టణం పుచ్చెర్దా దగ్గర మళ్లీ స్పెయిన్‌లోకి దిగుతుంది. అక్కడి నుంచి లెయిదా నగరం దాటి ఎబ్రో నదీ వ్యవస్థలో కలిసి మధ్యధరా సముద్రం చేరుతుంది. అంటే ఈరోజు ‘ఫ్రెంచి సెర్దాన్యా’ అంటున్న సగంలో కురిసిన వాన కూడా దక్షిణంగా స్పెయిన్‌కే పోతుంది. కొండల వెన్నెముక ఈ లోయకు పైన ఉంది. సరిహద్దు మాత్రం ఆ వెన్నెముక మీద లేదు. లోయ మధ్యలో, చదును నేల మీద, కొండా నదీ ఏదీ అడ్డులేని చోట పడింది. పిరెనీస్ రెండు దేశాల మధ్య ప్రకృతి కట్టిన గోడ అని బడి పుస్తకాల్లో చదువుకుంటాం. సెర్దాన్యాలో ఆ మాట నిలవదు.

ఇక చరిత్ర. ఈ లోయకు మొట్టమొదటి ముఖ్యపట్టణం లివియాయే. రోమన్ల కాలంలో దాని పేరు యూలియా లిబికా. అంతకు ముందు నుంచీ ఇక్కడ ఉన్న సెరెతానీ తెగవాళ్ల పట్టణంగా టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్నాడు. ఇటీవలి తవ్వకాల్లో రోమన్ల ఫోరం, అంటే ఊరి నడిబొడ్డున ఉండే సభాస్థలి, బయటపడింది. ఇంత ఎత్తున, కొండల నడుమ ఫోరం కట్టారంటే అది దారిపక్క మజిలీ కాదు, పాలనా కేంద్రమే. తర్వాత, అప్పట్లో స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల రాజు వాంబా 673లో తిరుగుబాటును అణచడానికి వస్తూ లివియా కోటను పట్టుకున్నాడు. 8వ శతాబ్దంలో మునూజా అనే బెర్బర్ అధికారి అక్విటేన్ పాలకుడి కూతురిని పెళ్లాడి, కొర్దోబాలోని ముస్లిం పాలకుల మీద తిరగబడి, సెర్దాన్యా కోటలో ముట్టడిలో చిక్కుకుని చనిపోయాడు. ఆ కోట లివియాదేనని ఇక్కడి వాళ్ల నమ్మకం.

తర్వాత పెత్తనం చేతులు మారింది. మధ్యయుగంలో సెర్దాన్యా ప్రభువులు దగ్గర్లోని హిక్స్‌లో కొలువున్నారు. 1177 ప్రాంతంలో అరగాన్ రాజు రెండో అల్ఫోన్సో గుట్ట మీద పుచ్చెర్దా పట్టణం కట్టించి అధికారాన్ని అక్కడికి మార్చాడు. లివియా కొండ మీది కోటను 1479లో ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ మనుషులు పడగొట్టారు. ఇప్పుడు పైకెక్కితే కనిపించేవి పునాదులే. 1660 నాటికి ఈ మూడు పాత రాజధానుల స్థితి ఇది: పుచ్చెర్దా పెద్ద పట్టణం, లివియా పేరున్న చిన్న పట్టణం, హిక్స్ మామూలు పల్లె. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఫ్రాన్స్, స్పెయిన్ 1635 నుంచి యుద్ధంలో ఉన్నాయి. మధ్యలో 1640లో కాటలోనియా స్పెయిన్ రాజు మీద తిరగబడి ఫ్రాన్స్ పంచన చేరింది. 1652లో బార్సిలోనా మళ్లీ స్పెయిన్ చేతికొచ్చింది గానీ, కొండలకు ఉత్తరాన ఉన్న రూసియాన్ ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం గట్టిగా పాతుకుపోయింది. చివరకు 1659 నవంబరు 7న బిదసోవా నదిలోని ఫెసెంట్ల దీవిలో ఫ్రాన్స్ తరఫున కార్డినల్ మజారిన్, స్పెయిన్ తరఫున లూయిస్ ద ఆరో పిరెనీస్ సంధి మీద సంతకాలు చేశారు.

ఆ సంధిలో 42వ అధికరణమే మన కథకు మూలం. ప్రాచీన కాలంలో గాల్ దేశాన్నీ (నేటి ఫ్రాన్స్) స్పెయిన్‌నూ విడదీసిన పిరెనీస్ పర్వతాలే ఇకమీదటా సరిహద్దు అని అది చెబుతుంది. రూసియాన్, దాని పక్క లోయ కాన్‌ఫ్లెంట్ ఫ్రాన్స్‌కు, సెర్దాన్యా స్పెయిన్‌కు. అయితే కాన్‌ఫ్లెంట్ ఊళ్లేవైనా స్పెయిన్ వైపు వాలులో ఉంటే స్పెయిన్‌కే, సెర్దాన్యా ఊళ్లేవైనా ఫ్రాన్స్ వైపు ఉంటే ఫ్రాన్స్‌కే. ఎక్కడ ఏది ఉందో నిర్ణయించడానికి ఇరుపక్షాలా కమిషనర్లు కూర్చోవాలి. కాగితం మీద ఇంతకంటే స్పష్టమైన ఏర్పాటు ఉండదనిపిస్తుంది. కానీ పర్వతశ్రేణి అంటే ఏ వరుస? ఏ శిఖరం నుంచి ఏ శిఖరానికి? అది చూపే పటం ఎవరి దగ్గరా లేదు.

1660 వసంతంలో సెరే పట్టణంలో చర్చలు మొదలయ్యాయి. ఫ్రాన్స్ పక్షాన వచ్చిన పియేర్ ద మార్కా మతాధికారి, పైగా పెద్ద చరిత్రకారుడు. ప్రాచీన భూగోళ గ్రంథాలు ముందేసుకుని, అసలైన పిరెనీస్ ఏవో తాను నిరూపిస్తానన్నాడు. స్పెయిన్ ప్రతినిధి మిగేల్ సల్బా ఒప్పుకోలేదు. చర్చలు చెడిపోయి వ్యవహారం మళ్లీ మజారిన్, ఆరోల దగ్గరికే వెళ్లింది. అప్పటికి పద్నాలుగో లూయీకి స్పెయిన్ రాకుమారి మరియా తెరెసాతో పెళ్లి కుదిరి ఉంది. జూన్ 9న ముహూర్తం. ఆలోగా గొడవ తేలిపోవాలి. మే 31న తేల్చారు కూడా. ఏ కొండ ఎవరిదన్న వాదన పక్కన పెట్టి, సెర్దాన్యాలో 33 గ్రామాలు ఫ్రాన్స్‌కు ఇస్తే చాలనుకున్నారు.

ఆ గ్రామాలు ఎందుకు కావాలో కూడా ఒప్పందంలోనే ఉంది. ఫ్రాన్స్‌కు దారి కావాలి. రూసియాన్ నుంచి కాన్‌ఫ్లెంట్ లోయ వెంట పైకొస్తే పెర్ష్ కనుమ దగ్గర సెర్దాన్యా మైదానంలో పడతాం. అక్కడి నుంచి పడమరగా కారోల్ లోయ చేరి, ఉత్తరాన ప్యుమోరెన్స్ కనుమ ఎక్కితే ఫ్వా మీదుగా దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్‌కు దిగొచ్చు. కొత్తగా చేతికొచ్చిన రాష్ట్రాన్ని పాత రాజ్యంతో కలిపే కొండదారి ఇది. సెర్దాన్యా ఉత్తర సగం ఫ్రాన్స్ పట్టుకున్నది నేల మీద ఆశతో కన్నా ఈ దారి కోసమే అంటాను. పటం మీద ఆ 33 గ్రామాలు చూస్తే పెర్ష్ నుంచి కారోల్ దాకా ఒక పట్టీలా కనిపిస్తాయి. ఆ పట్టీ మధ్యలో లివియా ఉంది.

ఏ ఊళ్లో తేల్చడానికి 1660 నవంబరులో సల్బా, ఫ్రాన్స్ తరఫున బిషప్ సెరోనీ లివియాలోనే కూర్చున్నారు. నవంబరు 12న జాబితా ఖరారైంది. పట్టణ హోదా పనిచేసింది ఇక్కడే. లివియాకు ఆ గుర్తింపు ఐదో చార్లెస్ చక్రవర్తి కాలం నుంచి ఉంది. పల్లె కాదు కాబట్టి 33లో రాదు. ఒకప్పుడు ప్రభువుల కొలువుగా వెలిగిన హిక్స్ మాత్రం అప్పటికి పల్లే కాబట్టి జాబితాలోకి పోయింది, ఈరోజుకీ ఫ్రాన్స్‌లోనే ఉంది. ఒకే లోయ, రెండు పాత రాజధానులు, ఒకటి ఇటు, ఒకటి అటు. అప్పటివాళ్లు ప్రాచీన వైభవాన్ని లెక్కలోకి తీసుకోలేదని, చేతిలో ఉన్న హోదా కాగితాన్నే చూశారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫ్రాన్స్ ఊరికే వదిలిపెట్టలేదు. లివియాలో ఇకమీద కోట కట్టకూడదన్న షరతు పెట్టి ఒప్పుకుంది. జనం నోట తిరిగే కథలో ఈ షరతు ఉండదు గానీ, నా ఉద్దేశంలో హోదా కన్నా ఇదే పెద్ద విషయం. ఫ్రాన్స్ దారి మధ్యలో శత్రువు కోట ఉంటే ప్రమాదం. పశువులు కాసుకునే, పంట పండించుకునే ఊరుంటే ఏ ప్రమాదమూ లేదు. 1678లో ఫ్రెంచి సైన్యం పుచ్చెర్దాను పట్టుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు దాని ప్రాకారాలు కూల్చేసింది. మరుసటి ఏడాది నుంచే పెర్ష్ కనుమ పక్కన ఫ్రెంచి సైనిక ఇంజనీరు వోబాన్ రూపకల్పనతో మోన్ లూయీ దుర్గం లేచింది. అలా దారికి కాపలా కుదిరిపోయాక, ఆయుధం లేని లివియాను మింగాల్సిన అవసరం ఫ్రాన్స్‌కు కలగలేదు.

1660లో జరిగినది ఈరోజు మనం అనుకునే సరిహద్దు గీత కాదు. ఎవరూ రాయి పాతలేదు. ఏ ఊరు ఏ రాజు న్యాయాధికారం కిందికి వస్తుంది, ఎవరికి శిస్తు కడుతుంది అన్నదే తేల్చుకున్నారు. ఊరు ఎటుపోతే దాని పొలాలు, పొలిమేర అటే. పొలిమేర కచ్చితంగా ఎక్కడుందంటే ఆ ఊరివాళ్లకే తెలియాలి. ఈ పద్ధతిలో చూస్తే లివియా లాంటి ఊరు మిగిలిపోవడం వింత కాదు. దేశాన్ని ఊళ్ల మూటగా చూసేవాళ్లకు ఆ మూటలో ఒక ఊరు కాస్త దూరంగా పడి ఉండటం ఇబ్బంది అనిపించదు. ఇబ్బంది వచ్చిందల్లా దేశమంటే ఒక గీత లోపలున్న నేల అనుకోవడం మొదలయ్యాకే.

అది 19వ శతాబ్దంలో వచ్చింది. అప్పటికి రెండు వందల ఏళ్లుగా ఇటు రైతుకు అటు పొలం, అటు కాపరికి ఇటు మేత బీడు. పక్క ఊళ్లతో మేత గొడవలు, నీళ్ల గొడవలు, సుంకాధికారులతో తగాదాలు. ఫ్రాన్స్‌లోని బయోన్‌లో రెండు దేశాల మధ్య వరుసగా కుదిరిన ఒప్పందాల్లో మూడోది, 1866 మే 26 నాటిది, అండొర్రా నుంచి మధ్యధరా సముద్రం దాకా ఉన్న తూర్పు భాగాన్ని తేల్చింది. 1868లో హద్దుల వివరాలు ఖరారయ్యాయి. అట్లాంటిక్ ఒడ్డు నుంచి మొదలుపెట్టి ప్రధాన సరిహద్దు మీద 602 హద్దురాళ్లకు నంబర్లు వేశారు. లివియాకు ఆ వరుసతో సంబంధం లేకుండా విడిగా 45 రాళ్లు. ఆ రాళ్ల వరుస వెంట నడిస్తే ఊరి చుట్టూ తిరిగి మళ్లీ మొదటి రాయి దగ్గరికే వస్తాం.

గీత గీసినంత మాత్రాన బతుకు ఆగదు కదా. అందుకే ఆ ఒప్పందం నేల కన్నా హక్కుల గురించి ఎక్కువ శ్రద్ధగా మాట్లాడుతుంది. ఫ్రాన్స్‌లో ఉన్న కార్లిట్ కొండ మీద లివియా మందలు మేసే హక్కు నిలిచింది. అంగుస్ట్రీన్ ఏటి నుంచి లివియాకు వచ్చే కాలువ నీళ్లకు వంతులు రాశారు. కారోల్ ఏటి నుంచి పుచ్చెర్దాకు పారే పాత కాలువ మొదలు ఫ్రాన్స్‌లో, చివర స్పెయిన్‌లో ఉన్నా దాని హక్కు పోలేదు. ఎగువవాడు ఒక దేశం, దిగువవాడు ఇంకో దేశం అయినప్పుడు కాలువ తెగిపోకుండా ఉండాలంటే గట్టు ఎవరు మరమ్మతు చేయాలో కూడా కాగితం మీద ఉండాలి. చివరి ఆయకట్టు రైతు కష్టం తెలిసిన మనకు ఈ వివరాల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

దారి సంగతి విడిగా చెప్పుకోవాలి. పుచ్చెర్దా నుంచి లివియాకు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు ఉంటుందేమో. గుట్ట దిగి రహూర్ అనే చిన్న ఏరు దాటగానే ఫ్రాన్స్. రెండు పక్కలా ఫ్రెంచి పొలాలు, ఉర్, బూర్గ్ మదామ్ ఊళ్ల తాలూకువి. ఇంకాస్త ముందుకెళ్తే మళ్లీ స్పెయిన్. ఈ దారిలో ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు సుంకం లేకుండా పోవచ్చన్నది పాత హామీ. 1866లో మళ్లీ ఖాయం చేశారు. దీనికి తటస్థ రోడ్డు అని పేరు. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో సరిహద్దులు బిగిసినప్పుడు కూడా లివియావాళ్లు ఈ దారి వదిలి పక్కకు తిరగనంత వరకు రాకపోకలు సాగాయి.

చిక్కల్లా ఫ్రెంచి రోడ్లు దీన్ని అడ్డంగా దాటే చోట వచ్చింది. కార్లు పెరిగాక 1970లలో ఫ్రాన్స్ తన రోడ్డు మీది వాహనాలకు ముందు హక్కు ఇస్తూ, తటస్థ రోడ్డు మీద వచ్చేవాళ్లు ఆగాలని స్టాప్ బోర్డులు పెట్టింది. ఆటంకం లేని దారి మా హక్కు, ఆగమనడానికి మీరెవరన్నారు లివియావాళ్లు. రాత్రికి రాత్రి బోర్డులు మాయమయ్యేవి. ఫ్రెంచివాళ్లు మళ్లీ పాతేవాళ్లు, మళ్లీ మాయమయ్యేవి. కాటలన్లు దీన్ని ‘స్టాపుల యుద్ధం’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరకు ఒకచోట వంతెన కట్టి, ఇంకోచోట రౌండబౌట్ పెట్టి ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేకుండా చేశారు. బయటివాళ్లకు ఇది పంతంలా కనిపించవచ్చు. కానీ బయటి ప్రపంచానికి తమ దేశపు దారి అదొక్కటే అయినవాళ్లు ఈరోజు బోర్డు, రేపు గేటు అని భయపడటంలో నాకు తప్పేమీ కనిపించదు.

ఊళ్లోకి వెళ్తే పట్టణ హోదా ఉత్త కాగితం కాదని తెలుస్తుంది. బురుజులున్న పాత చర్చి, పక్కనే బెర్నాట్ ద సో గోపురం. కొంచెం దూరంలో ఎస్తెవా కుటుంబం తరతరాలుగా నడిపిన మందుల దుకాణం సామగ్రి మ్యూజియంలో ఉంది. యూరప్‌లోని అత్యంత పాత మందుల దుకాణాల్లో ఒకటి, 16వ శతాబ్దం చివరికే ఉన్నట్టు ఆధారాలున్నాయి. మూలికలు దాచిన చెక్క పెట్టెల ముఖాన సాధువుల బొమ్మలు, నీలం తెలుపు పింగాణీ జాడీలు, ఖరీదైన మందులు తాళం వేసి దాచడానికి నగిషీలు చెక్కిన రంగుల అల్మారా. కొండల మధ్య పల్లె అయితే ఇంత దుకాణం నిలబడదు. చుట్టుపక్కల లోయంతా మందుకు ఇక్కడికి వస్తేనే నిలబడుతుంది.

గీత గట్టిపడ్డాక రెండు వైపులా జనం నెమ్మదిగా వేరయ్యారు. 1700లో పద్నాలుగో లూయీ రూసియాన్‌లో అధికార పత్రాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాత బడి చదువూ ఫ్రెంచిలోకి వెళ్లింది. లివియాలో కాటలన్ భాష బతికింది. కూతవేటు దూరంలో ఉన్న ఫ్రెంచి ఊరు ఎస్తవార్‌లో ముసలివాళ్ల నోట మిగిలింది. 1984లో కాది సొరంగం తెరుచుకున్నాక బార్సిలోనా దగ్గరైంది. వారాంతపు ఇళ్లు, స్కీయింగ్‌కు వచ్చేవాళ్లు పెరిగి, పశువుల మీద బతికిన ఊరు పర్యాటకం మీదకు మళ్లింది. 1995లో షెంగెన్ ఒప్పందం అమలైంది, సరిహద్దు తనిఖీలు పోయాయి. తటస్థ రోడ్డుకున్న ప్రత్యేక హక్కు అప్పటినుంచి అన్ని రోడ్లకూ వచ్చినట్టే.

2014లో పుచ్చెర్దాలో తెరుచుకున్న సెర్దాన్యా ఆసుపత్రి ఈ కథలో కొత్త మలుపు. రెండు దేశాలు కలిసి నడిపే ఆసుపత్రి ఇది, యూరప్‌లో ఇలాంటివాటిలో మొదటిది. ఖర్చు కాటలోనియాది 60 శాతం, ఫ్రాన్స్‌ది 40 శాతం. చలికాలంలో మంచు కురిస్తే ఫ్రెంచి సెర్దాన్యా రోగి ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ నగరం దాకా కొండదారిలో దిగలేడు, చదును నేల మీద ఉన్న పుచ్చెర్దాకు రావడమే సులువు. కానీ అక్కడ ఫ్రెంచి తల్లికి కాన్పు అయితే బిడ్డ పుట్టింది స్పెయిన్‌లో. ఫ్రెంచి రోగి కన్నుమూస్తే శవాన్ని ఇంటికి చేర్చడం అంటే దేశం దాటించడం. జనన నమోదుకు, శవాల తరలింపుకు, రెండు దేశాల వైద్యుల అర్హతలకు, బీమా లెక్కలకు విడివిడిగా ఏర్పాట్లు చేసుకోవాల్సి వచ్చింది. 1866లో కాలువలకూ మేత బీళ్లకూ చేసిన పనినే ఇప్పుడు ఆసుపత్రికీ చేస్తున్నారు.